అలారం మోగలేదన్న మల్లేశం మాట

రిటైర్ కావడానికి రెండేండ్ల ముందు నన్ను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్ విభాగానికి సీనియర్ మేనేజర్‌గ వేసిన్రు. రియాక్టర్ల వేడిని కనిపెట్టే ప్రోగ్రాములు మా చేతిల ఉండేటివి.

అక్కడి జావా కోడ్ చానామట్టుకు మనిషి రాసింది కాదు. ఏ రియాక్టర్‌కు ఏ కొలతలో ఒక నమూనా ఫైల్ల రాస్తే, జనరేటర్ అనే ప్రోగ్రామే క్లాసులు, అంటే కోడ్ భాగాలు, రాసిస్తది. అలారం ప్రోగ్రాం మాత్రం ఎన్నడో బయటోళ్లు కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ నడిపే రూపానికి మార్చి, మూటగట్టి ఇచ్చిన జార్ ఫైలు. ఒకసారి పరీక్షించి ఆమోదించినంక దాన్ని ముట్టొద్దు, మళ్ల కంపైల్ చెయ్యొద్దు. మందుల ఫ్యాక్టరీల అది కట్టడి.

వేడి దశాంశాలల్ల కావాలని మా పైఅధికారి ప్రసాదరావు గారు నమూనాను మార్పించిన్రు. వేడిని చదివే మెథడ్, అంటే ఆ పని చేసే చిన్న కోడ్ ముక్క, పూర్ణాంకం బదులు దశాంశం ఇయ్యబట్టింది. ఇచ్చే అంకె రకం మారితే జావా లెక్కల అది వేరే మెథడే, పాతది లేనట్టే. పాత జార్ పాత మెథడ్‌నే అడుగుతది, దాన్ని ఉంచుదామని చెప్పిన. "అన్నీ కంపైల్ అయ్యాయిగా, ఇంకేంటండీ మీ అనుమానం!" అని కొట్టిపారేసిన్రు. ఆ జార్ తప్ప ఆఫీసుల మా కోడంత కొత్తగ కంపైల్ చేస్తిమి, గందుకే అయినయి.

జావా ఒక మెథడ్‌ను పిలిచేదాక అది ఉందా లేదా అని చూడదు. అలారం ప్రోగ్రాం మంచిగనే మొదలైంది. ఒకనాడు వేడి హద్దు దాటిందని సెన్సార్ చెప్పంగనే, ఎంతుందో చదువుదామని పాత మెథడ్‌ను పిలిచింది. అది లేదు. ప్రోగ్రాం అక్కడికక్కడ ఆగిపోయింది, అలారం మోగలే. రియాక్టర్ల తయారైతున్న మందు బ్యాచ్ మొత్తం ఖరాబైంది.

ఆ షిఫ్టుల ఉన్నది మల్లేశం, జిన్నారం మనిషి, కాంట్రాక్టు ఆపరేటర్. "అలారం కొట్టలే సారూ, నా పిల్లల మీద ఒట్టు" అని అందరి ముంగట మొత్తుకున్నడు. ఎవ్వరు నమ్మలే, అలారం మోగినా పట్టించుకోలేదన్నరు. నేను అసలు సంగతి పట్టేలోపల్నే మనిషి తప్పని రాసి విచారణ మూసిన్రు, కాంట్రాక్టర్ అతన్ని తీసేసిండు. ప్రసాదరావు గారి దగ్గరికి పోయి విచారణ మళ్ల తెరువమని అడిగితే, "మూసింది మళ్లీ తెరిస్తే ఆడిటర్లు మన మీద పడతారండీ" అన్నరు.

కోడ్ బాగుచేసుడు అల్కగనే అయింది. పాత మెథడ్‌ను ఎప్పటిలెక్కనే తిరిగి పెట్టి, దశాంశమిచ్చేదాన్ని వేరే పేరుతోని పక్కన చేర్చిన. ఇగ మీదట జనరేటర్ ఏ పాత మెథడ్‌ను తియ్యకుండ చేసిన.

జిన్నారం పోయి, తప్పు ప్రోగ్రాందని మల్లేశానికి చెప్పిన. "మరి పనికి పిలుస్తరా సారూ?" అని ఆయన భార్య అడిగింది. పిలువరని చెప్పిన. మల్లేశం లేసి బయటికి పోయిండు.

నేను నేర్సుకున్నది ఇంతే: కంపైల్ అయితే చాలదు, ముట్టుకోని పాత జార్‌తోని నడిపి చూడాలె. మెథడ్‌ను తిరిగి పెట్టిన. మల్లేశాన్ని తిరిగి పెట్టించలేకపోయిన.