పక్కకు జరిపిన ముళ్లకంప

ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భర్త కనిగిరి అవతల ఒక కొండ ఎక్కుతూ లోయలో పడి చనిపోయారు. తప్పు ఆయనదేనని అందరూ అన్నారు. నేను కాదనలేదు.

మా మిరప చేల దగ్గర దారికి అడ్డంగా ముళ్లకంప ఉంటే అటు వెళ్లకూడదని అర్థం. జరిపినవాళ్లు తిరిగి అడ్డం పెట్టాలి. చిన్నపిల్లలకూ తెలుసు. ఆ కొండ మీద బోర్డులు లేవు. వానలకు అంచు విరిగిన చోట మేకలు కాసేవాళ్లు కంప వేసి ఉంచారు.

ఆ రోజు ఇద్దరం ఎక్కుతుంటే, బూటులో రాయి దూరిందని ఆయన కింద ఆగారు. "మేకలా ఎక్కుతున్నావే. పద, నీ వెనకే వస్తా" అన్నారు.

దారి చీలిన చోట ఎడమవైపు కంప ఉంది. లోయ కనబడుతుందేమోనని దాన్ని కాలితో జరిపి నాలుగడుగులు వేశాను. కాళ్ల కింద మట్టి కదిలింది. భయమేసి వెనక్కి వచ్చి, కుడి దారిన పైకి వెళ్లాను. కంప మళ్లీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? మరిచిపోయానని చాలాకాలం అనుకున్నాను. మరిచిపోలేదు. చేతికి ముళ్లు గుచ్చుకుంటాయి, వెనక వస్తూ ఆయన పెడతారులే అనుకున్నాను.

రాళ్లు దొర్లిన చప్పుడు విని దిగి వచ్చాను. పిలిచాను. ఎడమ దారి చివర మట్టి కొత్తగా లోయలోకి జారి ఉంది. జరిపి ఉన్న కంపను చూసి, నేను అటే వెళ్లాననుకుని ఉంటారు ఆయన. సాయానికి పరుగెత్తే ముందు దాన్ని లాగి దారికి అడ్డం పెట్టాను. ఇంకెవరూ పడకూడదనే పెట్టానని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా ప్రయత్నించాను గాని, అప్పుడు ఆ కొండ మీద మేమిద్దరం తప్ప మనిషి లేడు, ఆ సంగతి నాకు తెలుసు.

పెద్దకర్మ నాడు అత్తయ్య అడిగారు.

"చేలో పుట్టి పెరిగినోడమ్మా. అంత కంప అడ్డం ఉంటే దాటతాడా?"

"తొందరపడ్డారత్తయ్యా."

ఆవిడ నమ్మారు. ఇప్పటికీ ఫొటో తుడిచినప్పుడల్లా కొడుకును తిడతారు. కంప దాటావు కదరా అంటారు. నేను పక్క గదిలో కూర్చుని వింటాను. చెబితే క్షమిస్తారా? తెలియదు. చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆయన కంప దాటలేదు. ఆయన వచ్చేసరికి దారి తెరిచి ఉంది. తెరిచింది నేను.