ఈశాన్యంలో ఆగిపోయిన బోదె

2024 మే నెల. బ్యాంకులో నా ఉద్యోగం ఇంకొక్క ఏడాదే మిగిలి ఉంది. విజయవాడ బ్రాంచిలో ఇళ్ళ రుణాల విభాగంలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. ఎవరైనా స్థలానికో ఇంటికో అప్పు అడిగితే, మంజూరుకు ముందు నేను వెళ్ళి ఆ ఆస్తిని కళ్ళారా చూసి రిపోర్టు రాయాలి. దీన్ని ప్రీ-శాంక్షన్ ఇన్‌స్పెక్షన్ అంటారు. రిపోర్టు బ్యాంకు ఫైల్లోకి పోయేది. అక్కడ ఎవరు ఏమన్నారో మాత్రం ఆ సాయంత్రమే నా డైరీలోకి ఎక్కేది. ప్రసూన సంగతి ఆ ఏటి డైరీలో పదకొండు పేజీలుంది.

ప్రసూన ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ముప్పయ్యేళ్ళుంటాయి. ఉండడానికి కాదు, పెట్టుబడిగా ఒక ఆస్తి కొనాలని ఆమె ఆలోచన. ఆర్నెల్లు వెతికి రెండింటి దగ్గర ఆగింది. ఒకటి నగరంలో పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు, రెండోది కంకిపాడు అవతల కొత్త లేఅవుట్‌లో ప్లాటు. గళ్ళు గీసిన కాగితం నా బల్ల మీద పరిచి పాఠం చెప్పినట్టే చెప్పింది. ఫ్లాటుకి అద్దె వస్తుంది, కానీ కట్టడం పాతబడుతుంది. ప్లాటుకి అద్దె రాదు, ధర పెరుగుతుంది. అయితే ఖాళీ స్థలానికి బ్యాంకు ఇచ్చే వంతు తక్కువ కాబట్టి కొనేవాళ్ళు చేతి నుంచి పెట్టుకోవలసిన మార్జిన్ మనీ ఎక్కువ.

"చివరికి ఏది తేల్చుకున్నారమ్మా?"

"తేల్చింది మా నాన్నండీ. ప్లాటే. అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. అరవై రోజుల్లో రిజిస్ట్రేషన్ అవ్వాలి, లేకపోతే అడ్వాన్సు పోయినట్టే."

ఆ అడ్వాన్సు ఆమె ఎనిమిదేళ్ళ జీతంలో మిగుల్చుకున్నదాంట్లో సగం.

మరుసటి వారం సైటుకి వెళ్ళాం. తండ్రి వెంకటరత్నం గారు ఉయ్యూరు దగ్గర చెరకు రైతు. వచ్చీ రాగానే మట్టిగడ్డ తీసి వేళ్ళ మధ్య నలిపి, మూల రాయి దాకా నడిచి అక్కడే నిలబడ్డారు. ఆ మూల ఈశాన్యం. పొలాల్లోంచి వచ్చిన చిన్న పిల్లకాలువ, పంట బోదె అంటారు, సరిగ్గా ఆ రాయి దగ్గరకొచ్చి ఆగిపోయింది. కాలువలు కట్టేసిన కాలం కాబట్టి ఎండి, తుంగ మొలిచి ఉంది.

"ఈశాన్యంలో నీళ్ళండీ ఆఫీసరు గారూ. కోరి తవ్వించుకున్నా ఇంత కుదరదు," అన్నారాయన.

"అందుకే గజానికి కాస్త ఎక్కువ చెప్పాం మేస్టారూ," అన్నాడు లేఅవుట్ ఏజెంటు రాంబాబు.

"బోదె ఇక్కడిదాకా వచ్చి ఇలా ఆగిందేమిటి? ఇక్కణ్ణించి ఎటు పోతుంది?" అని అడిగాను.

"ఎటూ పోదండీ. ఈ పొలానికి పెట్టిన బోదే. పొలమే ప్లాట్లయిపోయాక దానికింక పనేముంది?"

వెంకటరత్నం గారు తలూపారు. సర్వే పటంలో చూస్తే బోదె జాడే లేదు. చిన్న పంట బోదెలు చాలావరకు అందులో ఉండవు. నాకు మాత్రం మనసొప్పలేదు. కాలువకి నీళ్ళొచ్చాక మరోసారి చూసి గాని రిపోర్టు ఇవ్వనన్నాను. డెల్టాలో స్థలాన్ని ఎండలో ఒకసారి, నీళ్ళల్లో ఒకసారి చూడాలన్నది నా పద్ధతి. ఏటా జూన్‌లో నీళ్ళొస్తాయి, గడువు జూలై మొదటివారం దాకా ఉంది. చాలుననుకున్నాను.

ఆ ఏడు నీళ్ళు ఆలస్యమయ్యాయి. జూన్ సగానికి రాంబాబు స్వరం మారింది. ఎన్నికల ఫలితాల తర్వాత రేట్లు లేచాయని, ఇంకో పార్టీ సిద్ధంగా ఉందని, గడువు దాటితే తన పూచీ లేదని ప్రసూనకి రోజూ ఫోను చేసేవాడు. ఆమె నాకు చేసేది. మా మేనేజరు "ఆ ఫైలు ఇంకా ఎన్నాళ్ళండీ?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు కూర్చున్నచోట నిలకడ లేకుండా పోయింది. నీళ్ళు వదిలే లస్కరుకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను. ఊరికే స్కూటర్ మీద కంకిపాడు దాకా వెళ్ళి, ఎండిన కాలువ చూసి తిరిగొచ్చిన రోజులు నాలుగు. నా అనుమానం వట్టిదైతే ఆ పిల్ల సొమ్ము పోగొట్టేది నేనే.

జూన్ ఆఖర్న ఆమె బ్రాంచికే వచ్చింది.

"అమ్మ నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంటానండీ. మీ రిపోర్టు లేకుండానే కొంటా."

"పది రోజులు ఆగమ్మా."

"ఎందుకాగాలో ఒక్క కారణం చెప్పండి. అనుమానం కాదు, కారణం."

నా దగ్గర లేదు. "మీ పద్ధతికి నా అడ్వాన్సు బలి," అనేసి లేచింది. అయినా నగలు తాకట్టు పెట్టలేదు. వద్దన్నది తండ్రేనని తర్వాత తెలిసింది. గడువు దాటింది. రాంబాబు అడ్వాన్సు పోయిందని వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపాడు.

నాలుగు రోజులకి లస్కరు ఫోను చేశాడు. "నీళ్ళొచ్చాయండీ!"

తండ్రీకూతుళ్ళకి కబురు చేసి బయల్దేరాను. మేం చేరేసరికి ప్లాటు మీద అరుపులు. ఆరుగురు రైతులు పారలతో మెరక తవ్వేస్తున్నారు. బోదె నీళ్ళు ఈశాన్యం రాయి పక్క నుంచి ప్లాటుని మూల నుంచి మూలకి కోసుకుంటూ కిందికి పోతున్నాయి. కింద పదహారెకరాలకి ఆ బోదే ఆధారం. దాన్ని పూడ్చి ప్లాటు చేశారు.

"పోలీసుల్ని పిలుస్తా!" అంటున్నాడు రాంబాబు.

"పిలవ్వయ్యా, వాళ్ళకీ తలో పార ఇస్తాం," అంది చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న ఒకావిడ. "మా నారుమళ్ళు ఎండగట్టి నువ్వు గజాలమ్ముకుంటావా?"

వెంకటరత్నం గారు చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి ఆవిడ వైపు చెయ్యి చాచారు. "అమ్మాయ్, ఆ పార ఇటియ్యి. గండి వంకరగా కొట్టారు, గట్టు కోసుకుపోద్ది." నీళ్ళలోకి దిగి కాలవ తిన్నగా చెక్కసాగారు.

"నాన్నా! అది మన ప్లాటు!"

"గడువు దాటిందిగా, మనది కాదు." పార ఆపకుండానే అన్నారు. "మనదైనా తవ్వేవాణ్ణే."

నేను ఆ రైతావిణ్ణి అడిగాను, పూడ్చేటప్పుడు మీరు అడ్డం చెప్పలేదా అని.

"చెప్పకేం? ఏప్రిల్లోనే పెద్ద గొడవైంది. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళే. మీరు అడిగితే గదా!"

ఆ ఊరు ప్లాటుకి అర కిలోమీటరు. మే నెలలో నేను నిలబడిన చోటు నుంచి ఇళ్ళు కనపడుతున్నాయి. ఆ మధ్యాహ్నమే అటు నడిచి ఒక్క మాట అడిగి ఉంటే, ప్రసూన కోరిన కారణం అప్పుడే దొరికేది. గడువు మిగిలి ఉండగానే అడ్వాన్సు కోసం పట్టుబట్టి ఉండేది. నీళ్ళకోసం ఎదురుచూడడమే జాగ్రత్త అనుకున్నాను. ఆ మాట అక్కడే, బురదలో నిలబడి ఆమెతో ఒప్పుకున్నాను.

రాంబాబు చెప్పిన ఇంకో పార్టీ రానే లేదు. పెద్దమనుషులు కూర్చుంటే అడ్వాన్సులో సగం తిరిగొచ్చింది. మిగతా సగం పోయింది.

ఆగస్టులో ప్రసూన ఫోను చేసింది. నగరంలోని ఆ పాత ఫ్లాటుకే అప్పు కావాలట.

"ఇన్‌స్పెక్షన్‌కి మీరే రండి సార్. నేను ముందే కింది ఫ్లాటు వాళ్ళింటికెళ్ళి కాఫీ తాగొచ్చా. వాళ్ళ బాత్రూమ్ సీలింగంతా చెమ్మ. పైన మనం కొనబోయే ఫ్లాటు పైపులదేనట. రిపేరు ఖర్చు ధరలో తగ్గించమని ఓనర్ని అడుగుతున్నా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అమ్మేవాళ్ళని అడిగాను, కొనేవాళ్ళని అడిగాను, కాగితాలని అడిగాను. కింద ఉన్నవాళ్ళని అడగాలని ఆమెను చూశాకే తెలిసింది. మిగిలిన ఏడాదిలో ఏ స్థలం చూడడానికి వెళ్ళినా ముందు పల్లపు వైపు దిగి, అక్కడివాళ్ళతో మాట్లాడి, అప్పుడు పైకి నడిచేవాణ్ణి. అమ్మేవాళ్ళు గేటు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడేవాళ్ళు.