జింకల మడిలో నీలం చొక్కా

మా నారాయణపేట వైపు రైతులకు జింకలంటే ఒళ్ళు మంట. మొలకెత్తిన పెసర మడి మీద మంద పడిందంటే ఆ ఏడాది అంతే సంగతులు. చిన్నప్పటి నుంచి వాటిని అదిలించి అదిలించి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి నేను. అలాంటి నేను దుబాయ్ వచ్చి, రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బు తోటలో జింకలకే పంట పండించే పనిలో చేరాను. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ తిరుగుతున్న రోజులవి. ఊళ్ళో చెబితే అందరూ పడీపడీ నవ్వారు.

రాతిగుట్టల కింద ఎత్తైన కంచె, లోపల జింకల మంద. ఎప్పుడు చూసినా చప్పుడుండేది కాదు. మేత దగ్గర కొట్టుకునేవి కావు, పిల్లలు కూడా గంతులేసేవి కావు. ఎండుగడ్డి వేస్తే నేను కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు వచ్చి తినేవి.

తోట ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, ఎండుగడ్డి మానిపించి కంచెలోపలే పచ్చిమేత పెంచమన్నాడు. ఏం వేస్తావో నీ ఇష్టం, అవి మేయకపోతే మాత్రం ఖలాస్, ఇంటికి టికెట్టే అన్నాడు. పొలం కౌలుకిచ్చి వచ్చినవాణ్ణి నేను. తిరిగి వెళ్ళి ఏ ముఖం చూపించను?

జొన్న వద్దనుకున్నాను. లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, మేసిన పశువు నిలబడ్డచోటే కూలిపోతుంది. జత్ అని ఇక్కడ ఒక గడ్డి ఉంది, ఎంత కోసినా పెరుగుతుంది గానీ దానికి ఎన్ని నీళ్ళు పెట్టినా చాలవు, మా బావిలో అన్ని లేవు. చివరికి మా ఊళ్ళో జింకలు వేటిని దొంగతనంగా మేసేవో వాటినే వేశాను. కిరాణా కొట్లో వండుకోవడానికి అమ్మే పెసలు, బొబ్బర్లు తెచ్చి నానబెట్టి, కంచెలోపలే ఒక మూల మడికి వేరే దడి కట్టి, తలుపు పెట్టి విత్తాను.

మొలకలు రాగానే గోరింకలు దిగి పీకడం మొదలుపెట్టాయి. ఇంటి దగ్గరైతే ఏం చేస్తామో అదే చేశాను. ఖర్జూరపు మట్టలు అడ్డంగా కట్టి దిష్టిబొమ్మ నిలబెట్టాను. నా గదిలో మేకుకు, నేను రాకముందు నుంచీ ఒక నీలం చొక్కా వేలాడుతోంది. ఎవరిదో అడిగే తీరిక లేక దాన్నే బొమ్మకు తొడిగాను.

తీగలు మోకాలెత్తు అయ్యాక, పొగమంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున మడి తలుపు తీశాను. మంద మొత్తం లోపలికి నడిచింది. ఒక్కటీ తల వంచలేదు. లేత పెసర తొక్కుకుంటూ వెళ్ళి బొమ్మ చుట్టూ నిలబడ్డాయి. మంచు విడిపోయి ఎండ నెత్తికెక్కినా కదల్లేదు. చొక్కా చేతుల వైపే చూస్తున్నాయి. చప్పట్లు కొట్టాను, అరిచాను. మర్నాడూ, ఆ తర్వాత రోజులూ అదే వరస. గడ్డి ఆపేయడంతో పక్కటెముకలు తేలాయి. బొబ్బరి తీగలు పీకి ముందు పడేస్తే వాటిని దాటుకుని వెళ్ళి మళ్ళీ అక్కడే నిలబడ్డాయి. నా పని సంగతి అలా ఉంచితే, నాకు నిజంగా భయం వేసింది.

ట్రాక్టరు నడిపే పఠాన్ ఆ చొక్కా చూసి దగ్గరికి రాలేదు. నాకు ముందు మేత వేసినవాడిదట అది. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి వాటిని చేత్తో తినిపించి పెంచాడట. కరోనాలో ఆంబులెన్స్ ఎక్కించారు, తిరిగి రాలేదు.

"ఉస్కా ఇంతెజార్ కర్ రహే హైఁ," అన్నాడు పఠాన్. అతని కోసమే చూస్తున్నాయని.

తగలబెడదామని చొక్కా విప్పి తీసుకెళ్తుంటే మంద నా వెంట నడిచింది. చేతిలోని గుడ్డ వెంట, నా వెంట కాదు. ఆగాను. అవీ ఆగాయి. ఏమనిపించిందో ఏమో, దాన్ని తొడుక్కున్నాను. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది, అది మరీ గుబులు పుట్టించింది. వంగి ఒక తీగ తెంపి పట్టుకుంటే ఓ ఆడజింక వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. ఆ తర్వాత అన్నీ తలలు వంచి మేశాయి. నా ముఖం వైపు ఒక్కటీ చూడలేదు.

ముదీర్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నా పని నిలబడింది. రోజూ అదే చొక్కా వేసుకుని, కేకేసి మందను మేతకు పిలిచేవాణ్ణి. వాసన పోతుందని ఉతకలేదు. ఫోన్లో ఆ చొక్కా చూసి మా ఆవిడ అడిగింది.

"గది ఎవలి అంగి? నీదైతే గాదు."

కంపెనీదని చెప్పి మాట మార్చాను.

సెలవు అడిగినప్పుడు, నేను లేకపోతే జింకలు మేయవేమోనని ముదీర్ దగ్గర నసిగాను. లోలోపల కొంచెం గర్వం కూడా. అతను నవ్వి నా భుజం తట్టాడు.

"ఫికర్ మత్ కరో. తుమ్ జావ్. కమీజ్ ఇధర్ ఛోడ్ దో." బెంగపడకుండా వెళ్ళమని, చొక్కా మాత్రం ఇక్కడే వదిలిపెట్టమని.

నా చోట్లోకి వచ్చిన మనిషికి చొక్కా నేనే ఇచ్చాను. అతను గుండీలు పెట్టుకుని మడిలోకి నడిచాడు, మంద అతని వెనకే వెళ్ళిపోయింది. నేను కంచె ఇవతల నిలబడి, రోజూ పిలిచినట్టే పిలిచాను. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. ఆ మనిషి ఒక్కడే వెనక్కి తిరిగి చూశాడు.