కాటా మావయ్య రాసిన బరువు

ఆ చిన్న విమానాశ్రయంలో అతన్ని అందరూ కాటా మావయ్య అనే పిలుస్తారు. రోజుకు ఒకటే విమానం, పన్నెండు సీట్లది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తుంది. పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళకూ కోర్టు వాయిదాలకు పరిగెత్తేవాళ్ళకూ అదే దిక్కు. రోడ్డు మీదైతే ఒక పగలంతా గంగలో కలిసినట్టే. బుల్లి విమానం గనక సామానునే కాదు, మనుషుల్నీ తూచాలి. ఆ పని మావయ్యది. కాటా ముల్లు అతనివైపే తిరిగి ఉంటుంది. ఎవరి బరువూ పైకి చదవకూడదు, కాగితం మీద రాసుకోవాలంతే. పద్దెనిమిదేళ్ళలో ఎంతటి భారీ ఆసామి ఎక్కినా అతని మొహం చెక్కు చెదరలేదు.

అంతమందిని గాల్లోకి పంపినవాడు తాను మాత్రం ఒక్కసారీ ఎగరలేదు. సిబ్బందిలో ఏడాదికి ఒకరికి ఉచిత ప్రయాణం ఉంది గానీ, ప్రయాణికులందరినీ తూచాక మిగిలిన బరువులో ఇమడాలి. తొంభై నాలుగు కిలోల మనిషి ఎక్కడ ఇముడుతాడు? ఏటా దరఖాస్తు పెట్టుకోవడం, ఏటా తన పేరు తానే కొట్టేసుకోవడం.

ఈ ఏడు ఆ అవకాశం అతని తోడల్లుడికి వచ్చింది. మనిషి పుల్లలా ఉంటాడు, అక్కడే అగ్నిమాపక బండి నడుపుతాడు. రెండేళ్ళ కిందట కాళ్ళావేళ్ళా పడి ఆ ఉద్యోగం ఇప్పించింది మావయ్యే. ఇప్పుడు ఆ మావయ్యకే కడుపు రగిలిపోయింది.

"మా మరిదిని చూడండి, వచ్చిన రెండేళ్ళకే విమానం ఎక్కేస్తున్నాడు. మీరూ ఉన్నారు, ఎందుకూ!" అంటూ పెళ్ళాం వారం రోజులుగా పుండు మీద కారం చల్లుతూనే ఉంది.

ఆ పొద్దున పదకొండుమందిని తూచేసరికి అరవై ఆరు కిలోలు మిగిలాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచితో తోడల్లుడు కాటా ఎక్కాడు. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది.

"సరిపోతానా అన్నయ్యా?"

మావయ్య డెబ్భై రెండని రాశాడు. "లేదు తమ్ముడూ, ఎక్కువైంది."

"పోనీ, సంచి ఇక్కడే వదిలేస్తే?"

"వదిలినా కుదరదు."

తోడల్లుడు నవ్వబోయి, నవ్వు రాక దిగిపోయాడు. విమానం ఒక సీటు ఖాళీతో లేచింది. మావయ్య బాధపడ్డాడా? లేదు. ఆ పూటంతా ప్రాణం హాయిగానే ఉంది.

పక్కపక్క క్వార్టర్లు కావడంతో సాయంత్రం రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చున్నాయి.

"సొంతవాడినని కూడా చూడలేదు వదినా, ఉన్నది ఉన్నట్టు రాశాడు," అన్నాడు తోడల్లుడు. "అన్నయ్య మీద కోపం దేనికి? అంతమంది ప్రాణాలు ఆ కాగితం మీదే కదా."

పెళ్ళాం వడ్డించడం ఆపి మొగుడివైపు చూసింది. "మీ విలువ నాకే తెలీలేదండీ," అంది మెల్లగా. ఆమె అతన్ని అలా చూసి ఎన్నేళ్ళయిందో!

"వచ్చేవారం మళ్ళీ ఖాళీ ఉందట. అప్పటిదాకా రాత్రిపూట తిండి మానేస్తా," అంటూ తోడల్లుడు కంచం పక్కకు నెట్టాడు.

మావయ్య ఆ కంచాన్ని మళ్ళీ అతని ముందుకు జరిపాడు.

"తిను తమ్ముడూ. నువ్వు సరిపోయావు. నేనే తప్పు రాశాను."

"ఎందుకన్నయ్యా?"

"ఓర్వలేక."

పెళ్ళాం గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.