దానియేలు సారు పిడికిలి

గోదావరిఖనిలో కంప్యూటర్ కోచింగ్ నడిపే దానియేలు సారు పాఠం చెప్పడు, గేట్ మీటింగ్ పెడతాడు. బొగ్గుబాయి గేటు ముందు కార్మికులతో నినాదాలు ఇప్పించిన నాయకుడైన తండ్రి నుంచి వచ్చిన అలవాటు అది. మాట ఊపందుకుంటే కుడి పిడికిలి దానంతటదే లేస్తుంది. ఈ ఏడాది ‘జెట్టా’ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషను అలాగే ఎత్తుకున్నాడు. "దీంట్ల రాస్తే తప్పే రాదు! పాత భాషలన్నీ ఇగ బంద్!" అన్నాడు. పిల్లలు నమ్మి, ఉద్యోగాలకు పనికొచ్చే పాతవి వదిలేశారు. జెట్టాలో రాసిన ప్రోగ్రాములు రోజూ కుప్పకూలాయి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకప్పుడు నమ్మినవాళ్లంతా ఇప్పుడు ఆ జెట్టానే ఏకిపారేస్తున్నారు.

సోమవారం పొద్దున క్లాసు మొత్తం మెట్ల మీద ధర్నాకు కూర్చుంది. "దానియేలు సార్ గొప్పలు..." అని రవళి సన్నగా అందుకుంది. మిగతావాళ్లు తలా ఒక రాగంలో "బంద్ చెయ్యాలె" అని గొణిగారు. గుమ్మంలో నిలబడ్డ సారు మొహం మాడిపోయింది. రెండోసారీ అదే గొణుగుడు. ఇక ఉండబట్టలేక దిగొచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, గట్లనా అనేది? కడుపుల నుంచి రావాలె," అని పిడికిలి ఎత్తి, "దానియేలు సార్ గొప్పలు!" అన్నాడు.

"బంద్ చెయ్యాలె!"

వీధి వీధంతా తిరిగి చూసింది. ఈ ఏడాది ఆయన నేర్పినవాటిలో మొదటిసారికే సరిగ్గా పనిచేసింది అదొక్కటే.