ముందు చన్నీళ్ళు

గీజరు టప్పుమని ఆగితే చాలు, నాకు సున్నిపిండి వాసన వేస్తుంది. డబ్బా మూత ఇంకా తియ్యకపోయినా సరే. మా మనవరాలి స్నానం వేళకి నా ఒళ్ళు అప్పటికే హూనమై ఉంటుంది. రాత్రంతా దాని ఏడుపు, దాని తల్లి విసుగు. తెల్లారితే బాలింతకి పథ్యం వంట, బకెట్టుడు గుడ్డల ఉతుకు. యాభై దాటాక కూతురికి పురుడు పొయ్యడమంటే మాటలా? నడుం పట్టుకుని బాత్రూంలో పీట వేసుకుంటాను. చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి కాళ్ళు చాపుతాను. అలా చాపిన నా కాళ్ళు చూసుకున్నప్పుడల్లా రూతమ్మత్త గుర్తొస్తుంది. ఈ మధ్య మరీ గుర్తొస్తోంది.

రూతమ్మత్త మాకు చుట్టం కాదు. చోడవరంలో మేము కాపురం పెట్టిన కొత్తలో పక్కింటావిడ. ఆవిడ భర్త గోవాడ వైపు చెరకు లారీ తోలేవాడు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగతా రోజుల్లో పొద్దున్నే ఏ ఇంట్లో చంటిపిల్ల ఉంటే ఆ ఇంటి పెరట్లో ఉండేది. ఒక గ్లాసుడు టీ తప్ప ఎవరింట్లోనూ ఏమీ ముట్టేది కాదు. మా వీధిలో ఆవిడ కాళ్ళ మీద స్నానం చెయ్యని పిల్ల లేదంటే నమ్మండి. నోరు మాత్రం మహా పెద్దది. ఆ నోటికి జడిసి మా ఆయన, ఆవిడ వచ్చే వేళకి పేపరు పట్టుకుని వీధరుగు మీదకి వెళ్ళిపోయేవాడు.

మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అత్తగారు వడ్డాదిలో పొలాన్నీ గొడ్లనీ వదిలి రాలేని మనిషి. మా పెద్దది సింధు పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు, ఏం చెయ్యాలో తెలియక పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి, ఖాళీ బకెట్లోకి వంచుతున్నాను. పిట్టగోడ మీంచి అరుపు వినిపించింది.

"ఒసే! ఏటే ఆ పని? ముందు సల్లనీళ్ళు పొయ్యి!"

"ఎలా పోసినా కలిసేవే కదా అత్తా," అన్నాను నీరసంగా.

"కలిసేదాకా లోకం ఆగుద్దేటి? అడుగున మరిగినవి పోసి, సల్లటివి తేడానికి నువ్వు నూతికాడికెల్తావు. ఈలోగా ఎవులో వచ్చి, నీళ్ళు తయారుగా ఉన్నాయి కదాని పసిగుంటని తడిపీసేరనుకో. అప్పుడేటి సేస్తావు?"

అంటూనే గోడ చుట్టూ తిరిగి వచ్చేసింది. నా చేతిలో గుండిగ లాక్కుంది. ముందు చన్నీళ్ళు, వాటిలోకి కొంచెం కొంచెంగా వేణ్ణీళ్ళు. పైన గోరువెచ్చగా ఉండి అడుగున కాలుతూ ఉంటాయని, చెయ్యి అడుగుదాకా పెట్టి కలియతిప్పింది. ఆ తర్వాత మోచెయ్యి ముంచింది. "అరసేయి పనికి మొద్దుబారిపోద్ది. మోసేతికే తెలుస్తాది," అంది. చివరికి ఒక చెంబు తన కాళ్ళ మీద పోసుకుంది. ఆవిడ అసలు పరీక్ష అది. బిడ్డ పడుకోబోయే చోటికి ముందు నీళ్ళు తగలాలి. ఆ కాళ్ళు సరేనంటేనే, "దా, ఇయ్యి," అని చేతులు చాపేది. పెదవులు కదిలీ కదలకుండా ప్రార్థన చేసుకుని, అప్పుడు మొదటి చెంబు పోసేది.

నాకు స్నానానికి వావిలాకు వేసి మరగబెట్టే నీళ్ళు వేరే ఉండేవి. బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టి లోపలికి తీసుకెళ్ళేదాకా ఆ గుండిగ పొయ్యి మీంచి దించనిచ్చేది కాదు. "ఒక పెరట్లో బాలింత నీళ్ళూ బిడ్డ నీళ్ళూ పక్కపక్కన ఉండకూడదు. సెంబుకి కళ్ళుండవు," అనేది.

ఒకసారి మా అత్తగారు మనవరాలిని చూడ్డానికి వడ్డాది నుంచి వచ్చింది. బకెట్లో వేలు పెట్టి మూతి విరిచింది.

"ఇవేటి నీళ్ళు రూతమ్మా? ఇలాగైతే పిల్లకి ఒళ్ళు గట్టిపడతాదేటి? మా ఇంట్లో పోస్తే పిల్లలు కందగడ్డల్లాగ అయిపోవాల."

రూతమ్మత్త లేచి, పొయ్యి మీద మరుగుతున్న వావిలాకు నీళ్ళు ఒక చెంబు ముంచి తెచ్చింది. "ఇలాగ పాదం సాపండి వదినగారూ. మీ ఒళ్ళు ఏపాటి గట్టిపడతాదో సూద్దాం."

మా అత్తగారు పాదం చీరలోకి లాక్కుని, "నీ నోరు మండ!" అని పకపకా నవ్వేసింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ నీళ్ళ ఊసెత్తలేదు. ఆవిడ నవ్వడం నేను చూసింది బహు తక్కువ.

కొన్నేళ్ళకి మా బాబు పుట్టాడు. అప్పటికి రూతమ్మత్తకి షుగరు. మాత్రలు వేసుకునేది, మాడుగుల హల్వా ఎవరైనా తెస్తే వేసుకున్న సంగతి మర్చిపోయేది. నడుస్తూ నడుస్తూ కాలి చెప్పు జారిపోయినా చూసుకునేది కాదు. ఒంటి చెప్పుతో మా ఇంటికొస్తే అందరం నవ్వేవాళ్ళం. ఆవిడా నవ్వేది. అది నవ్వే సంగతి కాదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మంచి చలికాలం ఒక పొద్దున్న, ఎప్పటిలాగే పీట మీద కూర్చుని నీళ్ళు కలిపింది. మోచెయ్యి పెట్టలేదు. అన్నేళ్ళుగా పిల్లల్ని మోసిన కాళ్ళ మీద అంత నమ్మకం. చెంబు ముంచి కాళ్ళ మీద పోసుకుంది. "దా, గుంటణ్ణి ఇయ్యి," అంది. నేను బాబు గుడ్డ విప్పుతూ ముందుకి వంగాను. ఆ కాళ్ళ మీంచి పొగలు వస్తున్నాయి. చలికి అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. కానీ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. బాబుని భుజానికి అదుముకుని రెండో చేతి వేళ్ళు బకెట్లో పెట్టాను. చురుక్కుమంది.

"అత్తా, కాలిపోతన్నాయి!"

"ఏటే, సల్లగున్నాయి. ఇంకో సెంబు యేడి ఎయ్యాలనుకుంతన్నాను."

నా ముఖం చూసి మోచెయ్యి పెట్టింది. వెంటనే వెనక్కి తీసేసింది. తర్వాత తన కాళ్ళకేసి చూసుకుంది. అప్పటికే ఎడమ కాలి మీద బొబ్బ లేస్తోంది.

"నొప్పిగా లేదా అత్తా?"

"నేదు."

ఆ 'నేదు' అన్న గొంతు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే బాబు ఆ కాళ్ళ మీద ఉండేవాడు. వాణ్ణి లోపల మంచం మీద పడుకోబెట్టి, కాలినచోట రాద్దామని పళ్ళ పేస్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అదేటీ రాయకు. ముందు సల్లనీళ్ళు పొయ్యి," అంది. పోస్తూనే ఉన్నాను. ఆవిడ నీళ్ళకేసి కూడా చూడలేదు, లోపల బాబు ఏడుపు వింటూ కూర్చుంది.

మర్నాడు రాదనుకున్నాను. కట్టు కట్టుకుని, గోడ పట్టుకుని వచ్చింది. వచ్చి పీట మీద కాదు, పెరటి గడప మీద కూలబడింది.

"నువ్వు కూకో. కాళ్ళు సాపు."

"నాకు భయం అత్తా. జారిపోతాడు."

"బయమున్నోళ్ళకే ఇయ్యాలే పిల్లల్ని. నాకు బయం పోయింది. అక్కడొచ్చింది తంటా."

పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. ఆవిడ గడప మీంచి ఒక్కొక్కటే చెప్పింది, తిట్టింది, మళ్ళీ చెప్పింది. మధ్యలో ఒకసారి, "అత్తా, సరిపోయాయా?" అని బకెట్టు ఆవిడ ముందుకి జరిపితే కసురుకుంది. "నన్నడుగుతావేటే? నీ మోసేతిని అడుగు. నా మాట నమ్మకు."

ఆ నెలలోనే ఎదురింట్లో మనవడు పుట్టాడు. వాళ్ళు బతిమాలారు. నీ చేతి చలవ వేరు, నువ్వు పోస్తేగానీ పిల్లాడు నిద్రపోడు అన్నారు. "నా కాళ్ళు అబద్దం సెప్తన్నాయమ్మా. రాను," అని నలుగురిలో చెప్పేసింది. షుగరు ఎవరికి లేదు, ఈవిడకే వచ్చిందా అన్నారు వాళ్ళు. గీర పెరిగిందన్నారు. అన్నవాళ్ళ పిల్లలందరూ ఆ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. ఆవిడ అంత నోరూ ఏమైపోయిందో.

ఒకరోజు ఎదురు పెరట్లోంచి చెంబు చప్పుడు, పసివాడి కేకలు వినిపిస్తుంటే, తన అరుగు మీద కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను. "ఇంకేటికి పనికొస్తాయే ఈ కాళ్ళు?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ బొబ్బ పుండై, అది మానడానికి అనకాపల్లి ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగామో. షుగరుకి కాళ్ళలో స్పర్శ పోయిందన్నారు అక్కడ. మానింది గానీ మనిషి మునుపటిలా లేదు. తర్వాత కొన్నేళ్ళకి పోయింది. ఆవిడంటే నాకు అమ్మంత ఇష్టమని ఒక్కసారైనా పైకి అన్నానా అంటే, గుర్తులేదు.

నాకూ షుగరు వచ్చి చాలా కాలమైంది. మొన్న కూరలు కొనుక్కుని ఇంటికి వస్తుంటే వెనక నుంచి గోంగూర అమ్మే ఆవిడ కేకేసింది. "అమ్మగారూ, మీ సెప్పు!" వెనక్కి తిరిగితే బజారు మధ్యలో నా చెప్పు పడి ఉంది. అది తెచ్చుకుని తొడుక్కున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బాలింత ఇల్లు, నా గొడవ ఒకటా అనుకున్నాను. అయినా ఆ రోజు నుంచి గీజరు ఆగిన చప్పుడు వింటే ముందు నా కాళ్ళకేసి చూసుకుంటున్నాను.

ఈ పొద్దున పీట వేసుకుని, కాళ్ళు చాపి, మళ్ళీ లేచాను.

"సింధూ, నువ్వు కూర్చో."

"అమ్మా, రాత్రంతా నిద్ర లేదే నాకు. ఈ ఒక్కరోజుకీ నువ్వే పోసెయ్యి."

"నాకూ లేదు. కూర్చో."

నా గొంతు ఎలా ఉందో ఏమో, పీట మీద కూర్చుంది. పిల్లని ఎత్తుకుని నేను గడప మీద కూలబడ్డాను. "ముందు చన్నీళ్ళు," అన్నాను. పోసింది. గీజరు నీళ్ళు కలిపి, అడుగుదాకా తిప్పింది. ఒక చెంబు ముంచి నా పాదాల మీద పొయ్యమన్నాను. ఎందుకని అడుగుతూనే పోసింది. హాయిగా ఉన్నాయి. పసిపిల్లకి ఇంతకన్నా మంచి నీళ్ళు ఉండవనిపించింది.

"ఇప్పుడు నీ మోచెయ్యి పెట్టు," అన్నాను.

పెట్టి, చటుక్కున తీసేసింది. "ఇంకా కాలుతున్నాయమ్మా. చన్నీళ్ళు పడాలి." తర్వాత నా పాదాలకేసి చూసింది. "అమ్మా, నీకు..."

"పొయ్యి," అన్నాను. "నీకు చాలనిపించేదాకా పొయ్యి."