మా అమ్మ వండిన బర్మా నూడుల్స్

గోపాలపట్నంలో మా ఫ్లాటు వంటగదిలో నిలబడి మా అమ్మాయి ఫోను చూసుకుంటూ కొరియా వాళ్ల నూడుల్స్ ఏవో చేస్తోంది. నూనెలో వెల్లుల్లి వేగి, ఎర్రబడి, ఇంకొక్క క్షణం ఉంచితే మాడిపోతుందనే దశలో లేచే ఆ వాసన హాల్లోకి వచ్చి నా చుట్టూ తిరుగుతోంది. ఆ వాసనకి ఎవరికైనా నోరూరాలి. నాకూ ఊరుతుంది, కానీ ఊరినందుకు వెంటనే ఒళ్లు జలదరిస్తుంది.

నా చిన్నతనంలో మేం మల్కాపురంలో రేకుల ఇళ్ల వరసలో ఉండేవాళ్లం. నాన్న పోర్టు దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. వేసవిలో ఆరేసిన బట్టల మీద సాయంత్రానికల్లా నల్లటి దుమ్ము వాలేది, వానాకాలంలో రేకుల మీద చినుకుల మోతకి పక్కన కూర్చున్నవాళ్ల మాట కూడా వినపడేది కాదు, చీకటి పడితే రిఫైనరీ గొట్టం మీది మంట మా వీధంతా నారింజరంగు పూసేది. ఆ వెలుగులోనే మేం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, నాగుల చవితికి మిగిలిన చిమ్మిలి ఉండల్ని గౌను జేబుల్లో దాచుకుని, నువ్వులూ బెల్లమూ చేతులకి అంటుకుంటుంటే నాకుతూ తినేవాళ్లం.

అమ్మది ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు పట్టేవాళ్ల ఇల్లు. నాన్న ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. ఆ ఇష్టాన్ని మా నాన్నమ్మ చివరిదాకా క్షమించలేదు. చేపల పులుసు ఆవిడా తినేది, ముల్లు ముల్లూ చప్పరించి మరీ తినేది, కానీ అమ్మ పుట్టింటిని మాత్రం కంపు అనేది. ప్రతిరోజూ అన్నం వడ్డించే ముందు అమ్మని పిలిచి, "ఏటే, సేతులిలా తే" అని రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఇంకా పోలేదు, మల్లీ కడుక్కురా" అనేది. అమ్మ మళ్లీ వెళ్లి సబ్బుతో, ఒక్కోసారి బూడిదతో కడుక్కొచ్చేది. మేం పళ్లేల ముందు కూర్చుని ఎదురుచూసేవాళ్లం. అన్నం చల్లారిపోయేది.

అలాంటి ఇంట్లోకి నూడుల్స్ ఎలా వచ్చాయంటే, ముందు అందరిళ్లలోకీ వచ్చినట్టే పచారీ కొట్టు ప్యాకెట్లుగా వచ్చాయి. అమ్మకి కొత్త రుచి అంటే చిన్నపిల్ల ఆత్రం. ప్యాకెట్టులోని పొడి పక్కన పారేసి, ఒకసారి చింతపండు రసంలో, ఒకసారి ఎండురొయ్యలతో, ఒకసారి కొట్టువాడు చైనా సాసు అని ఇచ్చిన నల్లటి నీళ్లతో వండి చూసేది. చెడితే నవ్వేది. కుదిరితే మా మొహాలు చూసి ఇంకా నవ్వేది. నాన్నమ్మ ఆదివారాలు పెందుర్తిలో తన చెల్లెలి ఇంటికి వెళ్లేది కాబట్టి అమ్మకి ఆ ఒక్కరోజే వంటిల్లు సొంతం.

మా వరస చివరింట్లో బర్మా మామ్మ ఉండేది. చిన్నప్పుడే వాళ్లవాళ్లు రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చేశారట. బర్మా వాళ్లు పొద్దున్నే తాగే చేపల రసం, అందులో వేసుకునే బియ్యపు నూడుల్స్ ఆమె అమ్మకి నేర్పింది. అదేమంత కష్టం కాదు. తడి బియ్యప్పిండి ఉడికించి జంతికల గొట్టంలోంచి మరిగే నీళ్లలోకి వత్తడం, చేపలు ఉడికించి ముళ్లు తీసేసి, వేయించిన శనగపిండీ నిమ్మగడ్డీ అరటి దూటా వేసి కాచడం, పైన కరకరలాడే వెల్లుల్లి, సగానికి కోసిన గుడ్డు, నిమ్మకాయ. మొదటిసారి తిన్నరోజు నాన్న గిన్నె ఎత్తి తాగాడు. పోర్టులో ఏ దేశం ఓడ వచ్చి ఆగినా మనకేం పనిలే అనుకునే మనిషి, ఆ రోజు మాత్రం రంగూన్ ఎంత దూరమని బర్మా మామ్మని అడిగాడు.

తర్వాత కొన్నాళ్లకి నాన్న తన వర్క్‌షాపు మేస్త్రీని, ఇంకో ఇద్దరు స్నేహితుల్ని ఆదివారం భోజనానికి పిలిచి, అమ్మని ఆ బర్మా వంటే చెయ్యమన్నాడు. ఆ ఇంట్లో ఆమె సొంత వంటని అడిగి చేయించుకోవడం అదే మొదలు. మావయ్య తెల్లారకముందే హార్బర్‌లో వేలం దగ్గర నిలబడి మంచి చేపలు తెచ్చిచ్చాడు. అమ్మ తలంటుకుని, పెళ్లిచీర తర్వాత కొన్న ఒకే ఒక్క మంచి చీర కట్టుకుంది. నాన్నమ్మ ఆ ఆదివారం పెందుర్తి వెళ్లలేదు.

అమ్మ చీర సర్దుకోవడానికి గదిలోకి వెళ్లినప్పుడు నేను వంటింటి గుమ్మం దగ్గర గవ్వలు ఆడుకుంటున్నాను. నాన్నమ్మ వచ్చి, స్టవ్వు పక్కనున్న కిరసనాయిలు సీసా మూత తీసి, రసంలో వొంపి, గరిటెతో నెమ్మదిగా కలిపి, సీసా మళ్లీ దాని చోట పెట్టేసింది. నన్ను చూసింది. దాచాలని కూడా అనుకోలేదు. నేను చెప్పేలోపే నాన్న స్నేహితులు వచ్చేశారు, స్టవ్వు దగ్గర ఎప్పుడూ ఉండే కిరసనాయిలు వాసనే అనుకుని అమ్మ వడ్డించేసింది.

మేస్త్రీ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని మళ్లీ గిన్నెలోకే ఊసేశాడు. మిగతా ఇద్దరూ వాసన చూసి గిన్నెలు జరిపేశారు. నాన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దీనికి ఆ కంపుకీ ఈ కంపుకీ తేడా తెలీదు బాబూ, పుట్టి పెరిగింది అక్కడ కదా అంది. వాళ్లు పక్కనున్న హోటల్లో తింటామని లేచారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆయన లోపలికి రాగానే నేను చూసింది చూసినట్టు చెప్పేశాను. నాన్న నమ్మాడు. నమ్మినట్టు ఆయన మొహంలో నాకు కనిపించింది. వాళ్లమ్మ వైపు చూశాడు, ఆవిడ కళ్లు దించలేదు. అప్పుడు ఆయన మా అమ్మ వైపు తిరిగాడు.

"మా అమ్మ మీద పిల్ల సేత ఇలాంటి మాటలు సెప్పిత్తన్నావేటి?"

నాన్న జంతికల గొట్టం తీసుకెళ్లి వీధి కాలవలోకి విసిరేశాడు. ఆ పూట అమ్మ గిన్నెలన్నీ తోమి, చేతులు కడుక్కుని, అన్నం వండి, నాన్నమ్మ ముందుకి వచ్చి తనంతట తనే చేతులు చాపింది.

ఆ తర్వాత మా ఇంట్లో నూడుల్స్ లేవు. నేను కాలేజీకి వచ్చిన ఏడు నాన్నమ్మకి పక్షవాతం వచ్చేదాకా లేవు.

మంచాన పడ్డ నాన్నమ్మని అమ్మ చూసుకున్నట్టు కన్నకూతురు కూడా చూసుకోదని వీధంతా చెప్పుకునేవారు. అది నిజం. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు, ఒక్కరోజు దుప్పటి మార్చకుండా ఉండలేదు. మెత్తగా ఉన్నది ఏదైనా పెట్టొచ్చని డాక్టరు చెప్పాడు. అమ్మ మూడు పూటలా గంజి పోసింది. ప్రతి ఆదివారం స్టవ్వు తెచ్చి వరండాలో మంచం పక్కనే పెట్టి, కొత్తగా కొన్న గొట్టంతో నూడుల్స్ వత్తి, చేపల రసం కాచి, వెల్లుల్లి వేయించేది. ఆ వాసనకి నాన్నమ్మ గుటకలు మింగేది. ఆవిడ మాట అప్పటికి ముద్దగా ఉండేది గానీ ఏం అడుగుతోందో మా అందరికీ తెలుసు.

"నాకూ కూసింత ఎట్టవే."

అమ్మ గంజి గ్లాసు పట్టుకుని పక్కన కూర్చునేది. ముందుగా తన రెండు చేతులూ ఆవిడ ముక్కు దగ్గర పెట్టేది.

"వాసన సూడండత్తా. పోయిందా?"

నాన్నమ్మ తల ఊపేది. అమ్మ గంజి తాగించేది. మూతి తుడిచేది. నాన్న అటు తిరిగి కూర్చుని తన గిన్నె ఖాళీ చేసేవాడు. నేనూ తిన్నాను. అమ్మ అంత రుచిగా ముందెప్పుడూ వండలేదు.

వానలు వెళ్లేసరికి నాన్నమ్మ పోయింది. పెద్దకర్మ నాడు, ముసలమ్మకి ఏది ఇష్టమో అది విస్తట్లో పెట్టాలి, ఏది పెడదాం అని పెందుర్తి నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు అడిగింది. అమ్మ తడుముకోలేదు. గంజి ఇష్టం అంది. విస్తట్లో గంజి పోస్తే నిలవదు కదా అంటే, గ్లాసులో పోసి పెట్టింది. నాన్న నేల చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ రేకుల ఇళ్లు లేవు, ఆ చోట లారీలు ఆగుతున్నాయి. బర్మా మామ్మ కొడుకులు ఎటు వెళ్లారో తెలియదు. నాన్న పోయాడు. నాన్నమ్మని గుర్తుంచుకున్నవాళ్లం ఇక మేమిద్దరమే, అమ్మా నేనూ. ఆ చేపల రసం ఈ ఊళ్లో ఇంకెక్కడా నాకు దొరకలేదు. మొన్న అమ్మని ఒక్కసారి వండి చూపించమని బతిమాలాను, కొలతలు చెప్తే నేనే చేసుకుంటానన్నాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అది ఆవిడ కోసం వొండీదాన్నే. ఆవిడ పోయాక ఎవులి కోసం వొండాల?"